హనుమయ్య కోపమూ, బుట్టెడు రసాలూ

ఆ రోజు పొద్దున హనుమయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, పార భుజాన వేసుకోవడం, రిజర్వాయరు కట్ట దాకా నడవడం, తూము తెరిపించుకోవడం, నీళ్ల వెంబడే బోదె గట్టున నడిచొచ్చి తన మామిడి అంట్లకు తడి పెట్టుకోవడం. ఇందులో ఎవరితోనూ తగాదా పడవలసిన పని లేదు. హనుమయ్య జీవితంలో అలాంటి రోజులు తక్కువ. అందుకే లేచినప్పటి నుంచీ కొంచెం హుషారుగానే ఉన్నాడు.

ముసునూరు దాటి చింతలపూడి వైపు మెట్ట ఎక్కుతూ పోతే ఎర్రమెట్ట వస్తుంది. ఊరికి పైన వాగుకు అడ్డంగా ప్రభుత్వం వారు కట్ట పోసి, దానికి రిజర్వాయరు అని పేరు పెట్టారు. తూములోంచి వచ్చిన నీళ్లు ముందు మంచినీళ్ల బావిలో పడతాయి. అక్కణ్నుంచి మోటారు వాటిని ట్యాంకుకెక్కిస్తే ఊళ్లో కుళాయిలు వస్తాయి. మిగిలిన నీళ్లు వంతుల ప్రకారం తోటలకు పోతాయి. ఎవరి వంతు ఎప్పుడో ఊళ్లో అందరికీ నోటికి వచ్చు.

హనుమయ్యకు తండ్రి వేసిన రసాల తోట ఒకటి ఉంది. చెట్లు ముసలివైపోతున్నాయని, పక్క చేలో నిరుటికి ముందేడు బంగినపల్లి అంట్లు నాటాడు. ఒక్కొక్కటీ మోకాలెత్తు లేచింది. ఎండ తగలకుండా ప్రతి మొక్కకూ తాటాకు నీడ కట్టాడు. ఇప్పుడు రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలు. ఈ వంతు తడి అందితే మొక్కలు గట్టెక్కుతాయి, అందకపోతే చస్తాయి, ముసలి చెట్ల తర్వాత ఆ ఇంటికి తోట ఉండదు. ఇందులో అనుమానానికి చోటు లేదు. మొక్క చచ్చాక నీళ్లు పోస్తే దాన్ని వ్యవసాయం అనరు, కర్మకాండ అంటారు.

"ఎవరితోనూ పేచీ పెట్టుకోకండి," అంది భార్య బుజ్జమ్మ, కాఫీ గ్లాసు అందుకుంటూ.

"నీళ్లతో పేచీ ఏముంటదే," అని హనుమయ్య పార తీసుకుని బయల్దేరాడు.

కట్ట మీదికి వెళ్లేసరికి తూము చక్రానికి గొలుసు చుట్టి ఉంది. గొలుసుకు కొత్త తాళం వేలాడుతోంది. తూము తీయడం, మూయడం చేసే లస్కరు పరదేశి దాని పక్కనే కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు.

"ఏంటి పరదేశీ ఇది?"

"తాళమండి."

"తాళమని నాకూ కనపడతంది. ఎందుకేశారని అడుగుతున్నా."

"బోటు కోసమండి," అని పరదేశి చెయ్యి చూపించాడు.

మెట్ల దగ్గర తాడుతో కట్టేసి ఉంది బోటు. హంస ఆకారంలో చేయించారు. చేసినవాడు హంసను ఎన్నడూ చూసి ఉండడు. మెడ కొంగది, మొహం బాతుది, కళ్లకు మాత్రం పెళ్లికూతురికి దిద్దినట్టు కాటుక దిద్దారు. పక్కనే కొత్తగా పాతిన బోర్డు మీద 'ఎర్రమెట్ట విహార కేంద్రం, నీళ్లలో దిగరాదు' అని రాసి ఉంది.

"శనివారం పెద్దాఫీసరుగారొచ్చి ప్రారంభం చేస్తారంటండి. అందాకా నీళ్లు తగ్గకూడదన్నారు. ఇప్పటికే బొటాబొటీగా ఉన్నాయి. ఇంకొంచెం తగ్గితే బోటు మెట్లకి అందదంట. తాళంచెవి ఇంజనీరుగారు జేబులో పెట్టుకున్నారు."

"మరి నా వంతు?"

"శనివారం తర్వాత చూద్దామన్నారండి."

"అందాకా ఊపిరి బిగబట్టుకుని ఉండమని మొక్కలకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

పరదేశి బీడీ ఆర్పేసి నేల చూపులు చూశాడు.

"ఊళ్లో కుళాయిల మాటేంటి?"

"ట్యాంకులో ఉన్నన్నాళ్లు వస్తాయండి. తర్వాత రావండి."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడి పూజారి తాళం కూడా వేశాడు. తాగేవాళ్లకు నీళ్లు లేవు, మొక్కలకు లేవు, చెక్క పక్షికి మాత్రం నిండుగా ఉండాలి. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న మాట ఎర్రమెట్ట కోసమే పుట్టినట్టుంది. హనుమయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన విషయంలో దానికి ఎక్కువ సేపు పట్టదు. కోపం ముందు పుట్టి, ఆ తర్వాత హనుమయ్య పుట్టాడని ఊళ్లో అంటారు.

ఇంటికొచ్చి పార విసిరేసి, చొక్కా మార్చుకుని, ఇంజనీరుతో తేల్చుకొస్తానని బయల్దేరాడు. బుజ్జమ్మ గడపలో అడ్డం నిలబడింది. అడ్డం నిలబడింది వెళ్లొద్దని కాదు.

"ఉత్త చేతుల్తో వెళ్తారా?"

"నేను చుట్టరికానికి పోవట్లేదే. తిట్టడానికి పోతున్నాను."

"తిట్టండి, వద్దన్నదెవరు? పళ్ల రోజుల్లో తోటున్నవాడు ఉత్త చేతుల్తో గడప తొక్కితే ఏమనుకుంటారు? బుట్ట ఇచ్చి తిట్టండి."

ఆ పక్క ఊళ్లలో ఇది వేదవాక్కు. పండ్ల కాలంలో తోటవాడు ఎవరింటికి వెళ్లినా, ఏ ఆఫీసుకు వెళ్లినా చేతిలో బుట్ట ఉండాలి. హనుమయ్య తండ్రీ, పెదనాన్నా గట్టు తగాదా వేసుకుని కోర్టుకు పోయినప్పుడు కూడా ఒకే బండి మీద చెరో బుట్ట పెట్టుకుని, ఎవరి ప్లీడరుకు వాళ్లు మోసుకెళ్లారు. కాబట్టి హనుమయ్య పళ్లు కొరుకుతూనే మాగిన రసాలు ఏరి, గడ్డి పరిచి, బుట్ట నింపుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

కట్ట దిగువన రేకుల షెడ్డులో ఉంది ఆఫీసు. ఇంజనీరు రామచంద్రమూర్తి బందరు మేష్టార్ల కుటుంబంలోంచి వచ్చిన కుర్రవాడు. మర్యాదస్తుడు. పైవాళ్లంటే అతనికి గుండె దడ. ఆ పొద్దున అతని దడ మరీ ఎక్కువగా ఉంది. పెద్దాఫీసరు ఒక్కడే రావడం లేదు, సంసారాలతో సహా బస్సెడు మంది వస్తున్నారు, మధ్యాహ్నం భోజనాలు ఏర్పాటు చేయమన్నారు. ఎర్రమెట్టలో ఉన్నది ఒకే ఒక్క టీ కొట్టు. పకోడీలు కూడా సాయంత్రమే వేస్తాడు. రామచంద్రమూర్తి తల పట్టుకుని కూర్చున్న సమయానికి గుమ్మంలోంచి ముందు రసాల వాసన వచ్చింది, తర్వాత బుట్ట వచ్చింది, ఆ తర్వాత హనుమయ్య వచ్చాడు.

"నమస్కారమండి. నా పేరు హనుమయ్య. మీరు చేసిన పని ఏమీ బాగాలేదండి."

కృష్ణా జిల్లా కోపంలో కూడా 'అండి' ఉంటుంది. అదే దాని బలహీనత.

"కూర్చోండి హనుమయ్యగారూ. ఇవి రసాలేనా?"

"రసాలేనండి. నేను చెప్పొచ్చేదేంటంటే..."

"మీ తోటవేనా?"

"మా నాన్న వేసిన చెట్లండి. మీరు తూముకి తాళం వేస్తే..."

"ఇలాంటివి ఇంకా ఉంటాయాండీ మీ దగ్గర?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఊరుకోగల మామిడి రైతు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. హనుమయ్య కోపాన్ని ఒక్క క్షణం పక్కన పెట్టి, "ఉంటాయా అంటారేంటండీ. బస్సెడు మంది కూర్చుని తిన్నా తరగవు," అన్నాడు.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. రామచంద్రమూర్తి మొహంలోకి రక్తం వచ్చింది. ఆ తర్వాత హనుమయ్య తూము గురించీ, వంతు గురించీ, మొక్కల గురించీ, మంచినీళ్ల గురించీ గొంతు చించుకుని చెప్పినదంతా అతను చిరునవ్వుతో విన్నాడు. మనిషి అతిథుల కోసం ఇంత తాపత్రయపడుతున్నాడంటే గొప్ప సంగతే అనుకున్నాడు. బస్సు సంగతి తెలియకపోతే బస్సెడు మంది అని ఎందుకంటాడు?

"శనివారం కానివ్వండి హనుమయ్యగారూ. మీరు అడిగినవన్నీ చేసిపెడతాను," అని గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ఖాళీ బుట్ట కూడా తనే అందించాడు.

మర్నాడు హనుమయ్య భోజనానికి కూర్చున్నాడు. కుళాయిలు పొద్దున్నే బుస్సుమని గాలి వదిలి ఆగిపోయాయి. బుజ్జమ్మ బియ్యం కడిగిన నీళ్లూ, గిన్నెలు కడిగిన నీళ్లూ బక్కెట్లో పోగుచేస్తే, వాటిని చెంబుతో మొక్కకు కాసినన్ని పోసొచ్చి, అదే కోపంతో పెరుగన్నం కలుపుకుంటున్నాడు. అప్పుడు వీధిలోకి జీపు వచ్చింది. జీపు మీద మైకు ఉంది.

"ఎర్రమెట్ట గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. శనివారం నాడు హంస బోటు ప్రారంభోత్సవం. ఆహ్వాన సంఘం ప్రెసిడెంటు, ప్రముఖ మామిడి రైతు శ్రీ హనుమయ్యగారి ఆధ్వర్యంలో అతిథులకు మామిడి పళ్ల విందు."

హనుమయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. జీపు వీధి చివరి దాకా వెళ్లి, అదే సంగతి మళ్లీ చెబుతూ వెనక్కి వచ్చింది.

చెయ్యి కడుక్కుందామంటే నీళ్లు లేవు. పంచెకు తుడుచుకుని బయటికి వచ్చేసరికి వాకిలి నిండా ఖాళీ బిందెలతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ముందు ఇన్నమ్మ ఉంది. పేటలో ఆవిడ మాటంటే మాటే. చంకలో బిందె ఉన్నప్పుడు ఆవిడ మాట ఇంకా గట్టిగా ఉంటుంది.

"ట్యాంకు ఎండిపోయిందయ్యా. బోరింగు కొడితే బురదొస్తంది. పిల్లలు గొంతెండి ఏడుస్తన్నారు. తమరేమో బోటుకి ప్రెసిడెంటంట."

"నేను ప్రెసిడెంటుని కాదు ఇన్నమ్మా. నిన్న వెళ్లి ఆ ఇంజనీరుని తిట్టొచ్చాను."

"తిడితే మైకులో పేరు చెప్తారా అయ్యా? నేను రోజూ తిడతన్నాను. నా పేరు ఎవరూ చెప్పలా."

ఈలోగా తిరుపతిరావు సైకిల్ దిగాడు. హనుమయ్యకు వరసకు బావ. వంతులో హనుమయ్య తర్వాత వాడు.

"నిన్న నువ్వు బుట్టతో ఆఫీసుకెళ్లడం నా కళ్లారా చూశాను బావా. తిట్టడానికి వెళ్లేవాడు పెద్ద రసాలు ఏరి తీసుకెళ్తాడా? పుల్లటివి చాలవా?"

"మీ చెల్లెలు ఉత్త చేతుల్తో వెళ్లొద్దంది."

"మా చెల్లెలి మీద పెట్టకు. ఎద్దు పుండు కాకికి ముద్దా? మా తోటలు ఎండిపోతుంటే నీకు మైకులో పేరు కావాల్సొచ్చింది."

తిరుపతిరావు సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆడవాళ్లు మాత్రం వెంటనే వెళ్లలేదు. ఒక్కొక్కరే హనుమయ్య మొహంలోకి చూసి, బిందె చంక మార్చుకుని కదిలారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. నీళ్లు పోయాయి సరే, ఇప్పుడు పరువు కూడా బోటెక్కింది. తిట్టి వచ్చినవాణ్ని తిట్టించుకునేవాడిగా మార్చిన ఆ ఇంజనీరును నిలువునా పాతెయ్యాలన్నంత కోపం వచ్చింది హనుమయ్యకు.

"రాజీనామా ఇచ్చొస్తాను," అన్నాడు.

"లేని పదవికి రాజీనామా ఏంటండీ?" అంది బుజ్జమ్మ.

"ఉందని మైకులో చెప్పారుగా. లేదని నేను చెప్పొస్తాను."

బుజ్జమ్మ లోపలికి వెళ్లి ఈసారి రెండు బుట్టలు తెచ్చింది.

"మళ్లీ ఇవెందుకే?"

"పదవి వదులుకోడానికి ఉత్త చేతుల్తో వెళ్తే కుళ్లుబోతుతనంతో వదిలేశాడంటారు. పెద్దగా వదులుకోండి."

రెండు బుట్టలు కావిడి మీద మోసుకుంటూ, దారి పొడవునా తనలో తను తిట్టుకుంటూ హనుమయ్య ఆఫీసు చేరాడు. రామచంద్రమూర్తి ట్రంకు కాల్లో ఉన్నాడు. అవతల పెద్దాఫీసరు. కావిడి చూడగానే అతను ఫోన్ చేత్తో మూసి, "శాంపిల్ తెచ్చారా, చాలా సంతోషమండి," అన్నాడు.

"శాంపిలు కాదండి. నేను ప్రెసిడెంటుని కాదండి. మీ విందుకీ నాకూ సంబంధం లేదండి. ముందు ఆ తూము తెరవండి. తెరవకపోతే మీ బోటు ఎలా తేలుద్దో నేనూ చూస్తానండి."

ఈ మాటలన్నీ హనుమయ్య తన సహజమైన గొంతుతో అన్నాడు. ఆ గొంతు తోటలో ఈ చివరి నుంచి ఆ చివర కాపలావాణ్ని పిలిచే గొంతు. ఫోన్లో అవతల పెద్దాఫీసరు చెవిలో అదంతా పడింది గాని, మాటలు తెలియలేదు.

"ఎవరయ్యా ఆ అరుపులు?"

"మన ఆహ్వాన సంఘం ప్రెసిడెంటుగారండి. రైతు. ఉత్సాహం ఎక్కువండి."

"ఏమంటాడు?"

రామచంద్రమూర్తి ఒక్క క్షణం హనుమయ్యను చూశాడు, బుట్టలను చూశాడు. కట్ట మీద చెట్టు నీడ కూడా లేదన్న సంగతి అతన్ని పొద్దున్నుంచీ పీడిస్తోంది. "విందు వాళ్ల తోటలోనే పెట్టాలని పట్టుబడుతున్నారండి," అన్నాడు.

"పాపం, అంత ఇదిగా అడుగుతుంటే కాదనకు. అలాగే చెయ్యి."

రిసీవరు పెట్టేసి, రామచంద్రమూర్తి రెండు చేతులూ జోడించాడు. కుర్రవాడి కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "మీరు లేకపోతే నా ఉద్యోగం ఏమయ్యేదో హనుమయ్యగారూ. నీళ్ల ట్యాంకరు నేను పంపిస్తాను, దాని గురించి మీరు దిగులు పెట్టుకోకండి," అన్నాడు. హనుమయ్యకు ఏం తిట్టాలో తెలియలేదు. ఏడుస్తున్నవాణ్ని తిట్టడం ఆయనకు అలవాటు లేదు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే బుజ్జమ్మ పొయ్యి మీద గిన్నె ఎంత పెద్దది కావాలో చూడసాగింది.

"చేస్తావా ఏంటి నువ్వు?" అన్నాడు హనుమయ్య.

"చెయ్యక? మన తోటకి అన్నానికొస్తున్నవాళ్లని వద్దని చెప్పొస్తారా? చెప్పొస్తానంటే చెప్పండి, మానేస్తాను."

హనుమయ్య చెప్పలేకపోయాడు. నీళ్లు దొంగిలించినవాడైనా సరే, అన్నానికొస్తానంటే వద్దనే నోరు ఆ ఊళ్లో ఎవరికీ లేదు. ఆ నోరు లేనందుకు తన మీద తనకే ఒళ్లు మండి, ఆ రాత్రి అన్నం మానేశాడు.

శనివారం పొద్దున వెళ్లి చూస్తే అంటు మొక్కల ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి. కొన్నిటికి అంచులు మాడాయి. గిన్నెలు కడిగిన నీళ్లు ఎన్నని పోస్తాడు? హనుమయ్య ఒక మొక్క దగ్గర కూర్చుని తాటాకు సరిచేసి, ఆకు వెనక్కి తిప్పి చూసి, మళ్లీ వదిలేశాడు. ఇవాళ సాయంత్రానికి తడి అందకపోతే ఇక పీకి పారేయవలసిందే. పక్క తోటలో ఆ సమయానికే, ఆ మొక్కలను చంపుతున్నవాళ్ల కోసం చాపలు పరుస్తున్నారు.

బుజ్జమ్మ పక్క ఊరి నుంచి బండి మీద ఒక డ్రమ్ము నీళ్లు తెప్పించింది. సగం వంటకు అయిపోయాయి. మిగిలిన సగంలో రసాలు నానబోసింది. పళ్లు నానకుండా పెడితే వేడి చేస్తుంది, పైగా తొడిమ దగ్గరి సొన మూతికి తగిలితే పుండు పడుతుంది. తక్కిన అవసరాలకు ఇంజనీరుగారి ట్యాంకరు వస్తుందని అందరూ దారి చూశారు. పొద్దెక్కినా ట్యాంకరు రాలేదు.

ట్యాంకరు వచ్చింది. తోటకు రాలేదు, అంతే. ఆ పొద్దున రామచంద్రమూర్తి కట్ట మీదికి వెళ్లి చూస్తే, మూడు రోజుల ఎండకు నీళ్లు కొంత ఇగిరిపోయి, బోటు మెట్టుకు కాస్త ఎడంగా నిలబడింది. సరిగ్గా అప్పుడే ట్యాంకరు కనబడింది. దాన్ని కట్ట మీదికి ఎక్కించి, ఉన్న నీళ్లన్నీ రిజర్వాయరులో పోయించాడు. మళ్లీ పంపించి, ఇంకో ట్యాంకరు తెప్పించి, అదీ పోయించాడు. ఊళ్లో పిల్లలు బోరింగు బురద తాగుతుంటే రిజర్వాయరుకు నీళ్లు పట్టించిన మహానుభావుణ్ని ఎర్రమెట్ట ఆ రోజు చూసింది. పరదేశి ఒక్కడే దగ్గరుండి చూశాడు. చూసి, ఉద్యోగం కనుక ఊరుకున్నాడు.

పెద్దాఫీసరు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. తెల్లటి సఫారీ సూటు, నల్ల కళ్లద్దాలు, నిండైన మనిషి. వెనక జీపులు, వాటి వెనక బస్సు. ఈ ఎండలో బోటేమిటి, భోజనాలు చేసి చల్లబడ్డాక ఎక్కుదామన్నాడు. బళ్లన్నీ తిన్నగా తోటకే వచ్చాయి.

తోట మొగలో ఇన్నమ్మ, ఆడవాళ్లందరూ ఖాళీ బిందెలతో బారుగా నిలబడి ఉన్నారు. నీళ్లు అడగడానికే వచ్చారు, ఇవాళ వదలకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చారు. పెద్దాఫీసరు జీపు దిగి ఆ బిందెల వరస చూసి, కళ్లద్దాలు తీసి, వంగి నమస్కారం పెట్టాడు.

"పూర్ణకుంభంతో స్వాగతమా. ఇలాంటి పద్ధతులు పల్లెల్లోనే మిగిలాయయ్యా," అని రామచంద్రమూర్తితో అంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఇన్నమ్మ నోరు తెరిచేలోగా జీపుల దుమ్ము ఆవిడ మొహాన పడింది.

విందు బ్రహ్మాండంగా జరిగింది. పులిహోర, మామిడికాయ పప్పు, గడ్డ పెరుగు, ఆ తర్వాత రసాలు. కోసుకు తినేవి కావవి. చేత్తో మెత్తగా పిసికి, తొడిమ తీసి, నోట పెట్టి జుర్రుకోవాలి. పెద్దాఫీసరు మొదటి పండు మర్యాదగా తిన్నాడు. రెండోది మర్యాద మర్చిపోయి తిన్నాడు. తర్వాతివి లెక్కలేదు. రసం మోచేతుల దాకా కారింది. గడ్డం మీద, చొక్కా గుండీల మీద పీచు అంటుకుంది. సంసారాలూ, పిల్లలూ, గుమాస్తాలూ అందరిదీ అదే వాలకం. దాహానికి రామచంద్రమూర్తి తెప్పించిన గోలీ సోడాలు అన్నాలప్పుడే అయిపోయాయి.

పెద్దాఫీసరు రెండు చేతులూ ముందుకు చాచి, చిన్నపిల్లవాడిలా లేచి నిలబడ్డాడు.

"నీళ్లు."

ఎవరూ కదల్లేదు.

"చేతులకి నీళ్లయ్యా."

ఒక గుమాస్తా పరుగున వెళ్లి, పళ్లు నానేసిన డ్రమ్ములోంచి చెంబు ముంచబోయాడు. బుజ్జమ్మ చెంబు లాగేసుకుంది. "అవి సొన నీళ్లు బాబూ. మొహానికి తగిలితే బొబ్బలెక్కుద్ది," అంది. సొనకు అధికారులనీ, గుమాస్తాలనీ తేడా లేదు.

అప్పటికి ఈగలు వచ్చాయి. పెద్దాఫీసరు ఈగను తోలబోతే చెయ్యి చెంపకు అంటుకుంది. చాప కింది నుంచి గండుచీమలు బారు కట్టి బూటు మీదుగా పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. ఆయనకు పూర్ణకుంభం గుర్తొచ్చింది.

"ఆ బిందెలు తీసుకురండి. ఆ ఆడవాళ్లవి."

ఇన్నమ్మ పిలవకుండానే వచ్చింది. వచ్చి, పెద్దాఫీసరు చాచిన చేతుల మీద బిందె బోర్లించింది. చుక్క పడలేదు. వెనకున్న ఆడవాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు బిందెలు బోర్లించారు.

"మూడు రోజులుగా ఇంతేనయ్యా. నీళ్లు బోటు తాగతంది. మేము చూస్తన్నాం," అంది.

పెద్దాఫీసరు రామచంద్రమూర్తి వైపు తిరిగాడు. రామచంద్రమూర్తి హనుమయ్య వైపు తిరిగాడు. ఇన్ని రోజులుగా గొంతు చించుకున్న హనుమయ్యకు ఆ క్షణంలో ఎందుకో అరవాలనిపించలేదు. మామూలు గొంతుతో చెప్పాడు.

"నీళ్లు లేకేమండి. రిజర్వాయరులో ఉన్నాయి. తూముకి తాళం వేశారు. తాళంచెవి ఇంజనీరుగారి జేబులో ఉందండి."

"తియ్యవయ్యా," అన్నాడు పెద్దాఫీసరు.

"బోటు సార్..."

"బోటు తర్వాత. చీమలు మోకాలి దాకా వచ్చాయి. ముందు తూము తెరిపించు."

జీపు దుమ్ము లేపుకుంటూ కట్టకు పరిగెత్తింది. ఎండుతున్న మొక్కలకు తెరుచుకోని తాళం, పిల్లల దాహానికి తెరుచుకోని తాళం ఒక పెద్దమనిషి మోచేతి జిగురుకు తెరుచుకుంది. రాజ్యం నడిచే తీరే ఇది. మనకు ఒళ్లు మండితే వాళ్లకు వినపడదు, వాళ్ల ఒంటికి చీమ కుడితే మాత్రం నీళ్లు పారతాయి. పరదేశి తాళం తీసిన వేగం చూసినవాళ్లు, వాడు తూమును సగం తెరిచి ఊరుకోలేదని చెబుతారు. చక్రం తిరిగినంత మేర తిప్పాడు.

నీళ్లు ఉరకలేస్తూ వచ్చాయి. మంచినీళ్ల బావి దగ్గర ఆడవాళ్లు అరుపులు పెట్టారు. తోట పక్క బోదెలో అతిథులందరూ వరసగా కూర్చుని చేతులూ మూతులూ కడుక్కున్నారు. హనుమయ్య ఎవరినీ చూడలేదు. పార తీసుకుని పక్క చేలోకి దిగి, మడవ తెగ్గొట్టి, మొదటి పాదులోకి నీళ్లు మళ్లించాడు. ఎర్రమట్టి నీళ్లను గుటకలేసి తాగింది. ఆయన కళ్లు చెమర్చాయి. అవి చెమట అని ఎవరూ అడక్కముందే చెప్పాడు.

చేతులు కడుక్కున్న పెద్దాఫీసరుకు బుజ్జమ్మ చెట్టు కింద నవారు మంచం వేయించింది. అన్ని రసాలు తిన్నవాడికి ఇక మంచం చాలు. రెండు ఆవులింతలు తీసి, కళ్లద్దాలు గుండెల మీద పెట్టుకుని, గురక మొదలుపెట్టాడు.

రామచంద్రమూర్తి కాసేపు మంచం చుట్టూ తిరిగాడు. తర్వాత చేలోకి వచ్చాడు.

"హనుమయ్యగారూ, తూము మూయించాలండి. నీళ్లు తగ్గిపోతున్నాయి."

"మూయించండి."

"తెరవమన్నది వారు కదండి. వారు చెప్పకుండా మూస్తే బాగుండదు. మీరు కొంచెం వారిని లేపండి. ప్రెసిడెంటు కదా."

హనుమయ్య పార మట్టిలో గుచ్చి నడుం నిటారు చేశాడు.

"అన్నం తిని పడుకున్న అతిథిని లేపడం మా ఇళ్లల్లో లేదండి," అన్నాడు.

సాయంత్రం దాకా గురక సాగింది, నీళ్లూ పారాయి. హనుమయ్య మొక్కలన్నీ నిండుగా తాగాయి. తర్వాతి వంతు తిరుపతిరావుది, ఆ తోట కూడా తడిసింది. తిరుపతిరావు మాత్రం గట్టు మీద నిలబడి, "ప్రెసిడెంటువి అనిపించావు బావా," అన్నాడు. హనుమయ్య మట్టిగడ్డ తీసి విసిరాడు. అది తగల్లేదు.

పెద్దాఫీసరు లేచి, టీ తాగి, అందరితో కలిసి కట్ట మీదికి వెళ్లేసరికి హంస బురదలో కూర్చుని ఉంది. మెడ ఒక పక్కకు వాలింది. మెట్లకూ బోటుకూ మధ్య నడిస్తే నడుం దాకా దిగబడే బురద. రామచంద్రమూర్తి మొహం పాలిపోయింది. పెద్దాఫీసరు కాసేపు చూసి, "పోనీలే, ఇంకోసారి వచ్చినప్పుడు ఎక్కుదాం. ఆ రసాలు ఇంకా ఎన్నాళ్లుంటాయన్నావు?" అన్నాడు.

మర్నాడు తూముకు మళ్లీ తాళం పడింది. వానలు వచ్చి బోటు తేలేదాకా తీయవద్దని ఆర్డరు. అంట్లకు కొత్త చిగురు ఎర్రగా తొంగి చూస్తోంది. ఇంకో తడి అందితే గాని ఆ చిగురు నిలవదు. హనుమయ్య ఆ చిగురు చూస్తూ, తాళం తలుచుకుంటూ, పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. తర్వాత లేచి, ఎవరూ చెప్పకుండానే బుట్టలో గడ్డి పరిచాడు.

"తిట్టడానికా?" అంది బుజ్జమ్మ.

"పిలవడానికి," అన్నాడు హనుమయ్య, పళ్లు పటపట కొరుకుతూ.

ఆ బుట్టకు పెద్దాఫీసరు బావమరిది కుటుంబం వచ్చింది. తర్వాతి బుట్టకు మండలాఫీసు వాళ్లు వచ్చారు. ఆ తర్వాత తిరుపతిరావు తన తోట పళ్లతో ఏలూరు వెళ్లి ప్లీడర్లను పిలుచుకొచ్చాడు. ఎవరు వచ్చినా రసాలు మోచేతుల దాకా కారాయి, ఎవరో ఒకరు నీళ్లని అరిచారు, తాళం తెరుచుకుంది, మొక్కలు తాగాయి, ఇన్నమ్మ బిందె నిండింది. వచ్చినవాళ్ల మంచాలు బుజ్జమ్మ దగ్గరుండి నీడ చూసి వేయించింది. వానలు పడేదాకా హనుమయ్య ఒక్కొక్కరినీ చేతులు జోడించి పిలుస్తూనే ఉన్నాడు, వెనక్కి తిరిగి తిడుతూనే ఉన్నాడు. మొక్క ఒక్కటి కూడా పోలేదు.

ఆ ఏడు ఎర్రమెట్ట రిజర్వాయరుకు సందర్శకులు అంత విరివిగా రావడానికి హంస బోటే కారణమని ఆఫీసు వారు పైకి రాసి పంపారు.